డ్రమ్ము ఆగితేనే మళ్ళీ తిరుగుతుంది

ఆ లాండ్రీలో మూడు చప్పుళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆగవు. ఉతికే డ్రమ్ముల గుడగుడ ఒకటి, ఇస్త్రీ రోలరు బుస ఒకటి, ఈలయ్య ఈల ఒకటి. మొదటి రెండిటికీ స్విచ్చులున్నాయి. మూడోదానికి లేదు.

అతని అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది గానీ దాన్ని వాడేవాళ్ళు లేరు. ఏ పాట అందుకున్నా సగంలో ఇంకో పాటలోకి జారిపోయే ఈల అది. "మావాడి ఈల వింటే పాట కట్టినవాడు కూడా అది తన పాట కాదంటాడు" అనేది అక్కయ్య.

అక్కయ్య ఈలయ్యకు సొంత అక్క. లాండ్రీలో మిగతా వాళ్ళకీ అక్కయ్యే. ఇరవై రెండేళ్ళుగా మడత బల్ల ఆమెది. గోడకి ఇవతల పొడి గదిలో ఆమె దుప్పట్లు మడతపెడుతూ ఉంటే, అవతల తడి గదిలో తమ్ముడు పిండే డ్రమ్ము నడుపుతాడు. మధ్యలో తలుపు లేని గుమ్మం. ఒకరికొకరు కనబడరు. ఈల వినబడుతుంది, చాలు.

పోయిన చలికాలం ఈలయ్యకి గుండెపోటు వచ్చింది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పిన మాట ఇది: "గుండె కండలో ఒక పక్క మచ్చ పడింది. మందులు మానొద్దు. ఎప్పుడైనా ఆ మచ్చ దగ్గర లయ తప్పొచ్చు. తప్పితే మాత్రం గంటలుండవు, నిమిషాలే."

ఈలయ్య ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. అతని భార్య వదల్లేదు. మొగుడు తిరిగి పనిలోకి వచ్చిన రోజున తనూ వెంట వచ్చి, మడత బల్ల దగ్గర అక్కయ్య చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఇంట్లో కూర్చోమంటే బోనులో పులిలా తిరుగుతున్నారు. డాక్టరు కూడా తేలిక పని చేసుకోవచ్చన్నారు. నీ చేతుల్లో పెడుతున్నాను. ఎలా పంపుతున్నానో అలాగే నాకు తిరిగి పంపాలి."

"నేనేమన్నా దుప్పటినా, ఉతికి తిరిగి పంపడానికి?" అన్నాడు ఈలయ్య.

మరదలు నవ్వలేదు. అక్కయ్యా నవ్వలేదు. "పంపుతాలే, వెళ్ళు" అంది. అన్నదే గానీ, ఎలా పంపుతుందో ఆమెకే తెలియదు.

రెండు నెలలు గడిచాక యజమానురాలు ఒక ఆకుపచ్చ పెట్టె తెచ్చి గుమ్మం పక్కన గోడకి తగిలించింది. మూత మీద తెల్లటి గుండె బొమ్మ, గుండె మధ్యలో మెరుపు గీత. మూలన ఒక చిన్న దీపం రెప్ప వేస్తూ ఉంటుంది.

దాన్ని ముందుగా పరీక్షించింది కరెంటు మామయ్య. లాండ్రీలో తీగలు, మోటార్లు, ఫ్యూజులు అన్నీ ఆయనవే. పాతికేళ్ళ కిందట ఒకడు తడి చేత్తో స్విచ్చు పట్టుకుని అతుక్కుపోతే, వాణ్ణి లాగబోయి ఇంకొకడూ అతుక్కుపోయాడు. మామయ్య పరుగెత్తి మెయిన్ తీశాడు కాబట్టి ఇద్దరూ బతికారు. ఆ రోజే ఆయన తడి గది గోడ మీద ఎర్ర రంగుతో అడుగెత్తు అక్షరాలు రాశాడు: "ఎవరైనా పడిపోతే ముట్టుకోవద్దు. ముందు మెయిన్ తియ్యాలి." కొత్తగా చేరినవాడికి సబ్బు ఎక్కడుంటుందో చెప్పకముందే ఆ రాత చదివిస్తారు.

మామయ్య పెట్టె చుట్టూ మెడ సాచి చూశాడు. "దీనికి ప్లగ్గేదీ? తీగేదీ? తోక లేని కోతిలా ఉందే!"

"దాని బ్యాటరీ దాని కడుపులోనే ఉందండీ" అంది, పెట్టె సంగతి నేర్పడానికి వచ్చిన నర్సమ్మ.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక మడత గదిలో అందరినీ కూర్చోబెట్టింది. మొండెం మాత్రమే ఉన్న రబ్బరు బొమ్మని నేల మీద పడుకోబెట్టి, దాని ఛాతీ మీద రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి నొక్కి చూపించింది. "రెండంగుళాలు లోపలికి పోవాలి. నొక్కిన ప్రతిసారీ పూర్తిగా వదలాలి. నిమిషానికి నూరు తగ్గకూడదు, నూట ఇరవై దాటకూడదు. పడినవాడు ఉండుండి గురక పెట్టినా అది ఊపిరి కాదు."

"తడి తువ్వాలుని నొక్కితే నీళ్ళు బయటికి పోతాయి, వదిలితే మళ్ళీ పీల్చుకుంటుంది. అలాగేనా?" అంది అక్కయ్య.

"అచ్చం అలాగే. గుండె చెయ్యాల్సిన పని మన చేతులు చేస్తున్నాయన్నమాట."

తర్వాత పెట్టె మూత తీసింది. పెట్టె దానంతటదే మాట్లాడటం మొదలుపెట్టింది. ఛాతీ మీద బట్ట తీయమంది, ప్యాడ్లు అంటించమంది. కుడి మెడ ఎముక కింద ఒకటి, ఎడమ చంక కింద పక్కకి ఒకటి. ఎక్కడ అంటించాలో ప్యాడ్ల మీదే బొమ్మలున్నాయి.

"మా ఇంటావిడకంటే నయం. ఒకసారే చెబుతోంది" అన్నాడు ఈలయ్య. అందరూ నవ్వారు.

అక్కయ్య చెయ్యెత్తింది. "ఆగిపోయిన గుండెని ఈ కరెంటు నడిపిస్తుందా అమ్మా?"

"లేదండీ. అందరూ అలాగే అనుకుంటారు. పూర్తిగా ఆగిన గుండెకి ఇది పనికిరాదు. కొన్నిసార్లు గుండె ఆగదు, వణుకుతుంది. కండలో ప్రతి పోగూ తన ఇష్టమొచ్చినట్టు అదురుతుంది. రక్తం మాత్రం చుక్క కదలదు. ఆ వణుకుని ఆపడానికే ఈ షాక్."

"ఆపడానికా?" అక్కయ్య కళ్ళు చిట్లించింది. "మనిషి చావుబతుకుల్లో ఉంటే గుండెని ఆపుతారా?"

"ఒక్క క్షణం ఆగితే, గుండె తన లయని తనే వెతుక్కుంటుందండీ."

"అది ఎలాగ?"

నర్సమ్మ మళ్ళీ చెప్పింది. అక్కయ్య మూడోసారీ అడిగింది. పక్కన కూర్చున్న పొట్టి పిన్ని మోచేత్తో పొడిచింది. పిన్ని ఆమెకు మడత జోడీ. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి కదా. "ఏమే, డాక్టరు పరీక్షకి వెళుతున్నావా ఏంటి? మీట నొక్కమంటే నొక్కుదాం. లోపల ఏం జరిగితే మనకెందుకు?"

"తెలియకుండా మీట నొక్కితే, నొక్కాక ఏమైందో ఎలా తెలుస్తుంది పిన్నీ?" అంది అక్కయ్య.

జవాబు నాలుగు రోజుల తర్వాత డ్రమ్మే చెప్పింది.

ఆ రోజు తడి తువ్వాళ్ళన్నీ పిండే డ్రమ్ములో ఒక పక్కకి ఉండకట్టుకున్నాయి. డ్రమ్ము తిరగడం మానేసి అదరడం మొదలుపెట్టింది. దడదడమని నేల కంపిస్తోంది, గోడ మీద గడియారం ఊగుతోంది, ఇనుప కాళ్ళు అంగుళం అంగుళం జరుగుతున్నాయి. మోటారు నిండు బలంతోనే ఉంది. గొట్టం లోంచి మాత్రం చుక్క నీరు రావడం లేదు. అక్కయ్య గుమ్మంలోకి వచ్చి చూసేసరికి ఈలయ్య తీరిగ్గా ఎర్ర మీట నొక్కాడు. డ్రమ్ము ఆగింది. నిశ్శబ్దం. లోపల ఉండ విడిపోయి తువ్వాళ్ళు కిందికి జారిన మెత్తటి చప్పుడు. అప్పుడు పచ్చ మీట నొక్కాడు. డ్రమ్ము మెల్లగా, తర్వాత జోరుగా, నున్నగా తిరిగింది. గొట్టం లోంచి నీళ్ళు దూకాయి.

"ఒరేయ్!" అని కేకేసింది అక్కయ్య. "ఇదేరా! నర్సమ్మ చెప్పింది ఇదే!"

"ఏది?"

"వణికేదాన్ని ఆపితేనే అది తిరుగుతుంది. షాక్ అంటే ఎర్ర మీటరా. పచ్చ మీట గుండెలోనే ఉంటుంది."

"బాగుంది. నా గుండెని తువ్వాళ్ళ డ్రమ్ము చేశావు" అన్నాడు ఈలయ్య. అని, అక్క మొహం చూసి వేళాకోళం ఆపాడు. "అంత భయమా అక్కా నా గురించి?"

"భయమేం లేదు. పని చూసుకో" అని వెనక్కి తిరిగింది. ఆ రోజు నుంచి పొద్దున్నే రాగానే ఆ పెట్టె మీది దీపం పచ్చగా వెలుగుతోందో లేదో చూడందే ఆమె మడత బల్ల దగ్గరికి పోలేదు.

వేసవి మొదట్లో ఒక రోజు, పదిన్నర దాటింది. అక్కయ్యా పిన్నీ జోడుమంచం దుప్పటి చెరో కొసా పట్టుకున్నారు. వాళ్ళ మడతకి ఒక లెక్కుంది: ఒకటికి దులపడం, రెండుకి కలపడం, మూడుకి దగ్గరికి రావడం, నాలుగుకి ఒకరి చేతిలోది ఒకరు అందుకోవడం. పిన్ని "మూడు" అంది. అక్కయ్య కదల్లేదు.

"ఏమయిందే?"

"ఈల ఆగింది."

"పాట మారుస్తున్నాడేమోలే."

"పాట మార్చేటప్పుడు వాడు ఆగడు."

అదే క్షణంలో అవతల ధబ్బుమని చప్పుడు. వెంటనే ఎవరిదో అరుపు: "కరెంటు! ఈలయ్యకి కరెంటు కొట్టింది!"

పాతికేళ్ళుగా వంటబట్టిన సూత్రం ఊరికే ఉంటుందా? కరెంటు మామయ్య మెయిన్ దగ్గరికి దూకాడు. ఠక్కుమంది. డ్రమ్ములు, రోలరు, ఫ్యాన్లు, దీపాలు అన్నీ ఒక్కసారి చచ్చిపోయాయి. తడి గదిలో ఉన్నవాళ్ళందరూ చెక్క పలకల మీదికి ఎక్కేశారు. పైకప్పులోని గాజు పలక లోంచి ఒక పలక వెలుతురు పడుతోంది. ఆ వెలుతుర్లో, అరంగుళం నీళ్ళలో, ఈలయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. అందరూ అతని చుట్టూ నిలబడి ఉన్నారు. ఒక్కరూ ముట్టుకోవడం లేదు.

అక్కయ్య పరుగున వచ్చింది. మామయ్య రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. "ఆగు అమ్మాయ్! నీళ్ళలో ఉన్నాడు. టెస్టరు పెట్టి చూడనీ."

"మెయిన్ తీసేశావు కదా మామయ్యా! ఇంకెక్కడి కరెంటు?"

"ఏ తీగలో ఏముందో..."

"వాడు డ్రమ్ముకి బారెడు దూరంలో పడ్డాడు. చేతిలో ఏముందో చూడు. తువ్వాలు! తువ్వాల్లో కరెంటుందా? ఇది గోడ మీది కరెంటు కాదు, వాడి గుండె సంగతి. తప్పుకో!"

మామయ్య తప్పుకోలేదు. అక్కయ్యే ఆయన చెయ్యి కిందుగా దూరి నీళ్ళలోకి దిగింది. పలకల మీద వాళ్ళు ఊపిరి బిగబట్టారు. ఆమెకేమీ కాలేదు. మోకాళ్ళ మీద కూలబడి తమ్ముడి భుజాలు పట్టి ఊపింది. "ఒరేయ్! ఒరేయ్ తమ్ముడూ!" పలకలేదు. నోరు తెరుచుకుని ఉంది. ఉండుండి ఒక గురక.

"ఊపిరుంది! గురక పెడుతున్నాడు!" అంది పిన్ని.

"అది ఊపిరి కాదు పిన్నీ. నర్సమ్మ చెప్పింది, గుర్తులేదూ? ఒడ్డున పడ్డ చేప నోరు తెరిస్తే ఊపిరున్నట్టా? అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. ఫోన్ పెట్టెయ్యకుండా స్పీకర్లో పెట్టు. మీరందరూ పలకలు దిగండి! ఈ దుప్పటి మీదికి వీణ్ణి దొర్లించి పొడి గదిలోకి లాగండి!"

ఎప్పుడూ ఎవరికీ పని పురమాయించని మనిషి అలా అరిచేసరికి ఆరుగురూ ఒకేసారి దిగారు. దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని, కళ్ళు మూసి తెరిచేంతలో గుమ్మం దాటించారు. అక్కయ్య మడత బల్ల మీది కత్తెరతో చొక్కా నిలువునా చీల్చింది. అతని ఛాతీ మీద చేతులు వేసి నొక్కడం మొదలుపెట్టింది. "మామయ్యా, పెట్టె!"

మామయ్య గోడ దగ్గరే నిలబడిపోయాడు. "మెయిన్ తీసేశాను కదమ్మా, అదెలా పనిచేస్తుంది? అయినా అసలే కరెంటు కొట్టినవాడికి మళ్ళీ షాకేంటి? గోరుచుట్టు మీద రోకటిపోటు కాదూ!"

"దానికి మన మెయిన్ తో పని లేదు. తే మామయ్యా, తే! వాడి గుండె డ్రమ్ములా అదురుతోంది, ఆపాలి!"

ఆ మాట మామయ్యకి అర్థమైంది. డ్రమ్ము అదరడం ఆయనకి తెలుసు. ఆపకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. పెట్టె ఊడబెరికి తెచ్చి మూత తీశాడు. దీపాలారిన ఆ గదిలో, ఒక్క మోటారూ ఆడని ఆ లాండ్రీలో, పెట్టె నింపాదిగా మాట్లాడింది.

"ఛాతీ మీద బట్టలు తీయండి."

"తువ్వాళ్ళు!" అంది అక్కయ్య. లాండ్రీలో తువ్వాళ్ళకి కొదవా? పిన్ని ఫోన్ స్పీకర్లో పెట్టి నేల మీద ఉంచి, మూడు తువ్వాళ్ళతో అతని ఛాతీ చుక్క తడి లేకుండా తుడిచింది. "తడి ఉంటే ప్యాడ్లు అంటుకోవు. కరెంటు నీళ్ళ వెంట పోతుంది" అని అక్కయ్యే చెబుతోంది, నొక్కడం ఆపకుండా. మామయ్య ప్యాడ్ల వెనక కాగితం ఒలిచాడు. ముప్పై ఏళ్ళు తీగలతో కాపురం చేసిన చేతులు అవి. బొమ్మ చూసి రెండూ గీత గీసినట్టు అంటించాయి.

"గుండె లయను పరిశీలిస్తున్నాం. రోగిని ముట్టుకోవద్దు."

అక్కయ్య చేతులు పైకెత్తేసింది. "ముట్టుకోకండి! ఎవరూ ముట్టుకోకండి!" అని అరిచింది. ఇందాక ఆ మాటని తోసేసి వచ్చిన మనిషే.

పెట్టె ఆలోచించింది. ఆ ఆలోచన ఎంతసేపు? పది క్షణాలు కూడా కాదు. అక్కయ్యకి మాత్రం మరదలి మొహం కనబడింది, ఆ చెయ్యి పట్టు తెలిసింది, ఎలా పంపుతున్నానో అలాగే అన్న మాట వినబడింది.

"షాక్ అవసరం. మెరిసే మీటను నొక్కండి."

నారింజ రంగు మీట మెరిసింది. అక్కయ్య అందరినీ ఒకసారి కలియజూసింది. ఎవరి వేలూ తమ్ముడికి తగలడం లేదు. గుండె రాయి చేసుకుని నొక్కింది.

ఈలయ్య ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడింది. తర్వాత ఏమీ లేదు. కళ్ళు తెరవలేదు.

"నొక్కడం కొనసాగించండి" అంది పెట్టె. అక్కయ్య అప్పటికే నొక్కుతోంది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు..." మడత లెక్క. చేతులకి ఇరవై రెండేళ్ళ అలవాటు, జోరు మాత్రం రెట్టింపు. కాసేపటికి ఆమె భుజాలు పట్టుతప్పుతుంటే పిన్ని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. "నాలుగుకి నాకిచ్చెయ్యి" అంది. నాలుగు అనగానే ఒకరి చేతులు లేచాయి, ఇంకొకరి చేతులు దిగాయి. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. దుప్పటి కొస అందుకున్నంత సులువుగా అందుకుంది పిన్ని.

రెండు నిమిషాలయ్యాక పెట్టె మళ్ళీ అందరినీ తప్పుకోమంది. మళ్ళీ ఆలోచించింది.

"షాక్ అవసరం లేదు."

ఆ మాటతో గది చల్లబడిపోయింది. మామయ్య నెత్తి మీది టోపీ తీసేశాడు. గుమ్మం దగ్గర ఎవరో వెక్కిళ్ళు పెట్టారు. పిన్ని చేతులు ఒళ్ళో పడిపోయాయి. "అయిపోయింది తల్లీ" అన్నాడు మామయ్య. "పెట్టె కూడా చేతులెత్తేసింది."

అక్కయ్య తమ్ముడి మీదికి వంగి, చెంప అతని ముక్కు దగ్గర పెట్టి చూసింది. ఊపిరి తెలియలేదు. మళ్ళీ చేతులు ఛాతీ మీదికి పోయాయి.

"అమ్మాయ్, ఇక వదిలెయ్యి..."

"ఆగిన డ్రమ్ముకి ఎర్ర మీట నొక్కుతామా మామయ్యా?" ఆమె నొక్కుతూనే అంది. మాటకొక నొక్కు. "వణుకు ఆగింది. అందుకే షాక్ వద్దంది. పోయాడని అందా? మీరు విన్నారా? డ్రమ్ము ఆగాక ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉంటుంది. తర్వాతే తిరుగుతుంది. అందాకా తోసేవాళ్ళు కావాలి. పిన్నీ, లెక్క!"

పిన్ని కళ్ళు తుడుచుకుంది. "ఒకటి" అంది. "రెండు" అని ఇంకెవరో అందుకున్నారు. మూడుకి మామయ్య గొంతు కలిసింది. నాలుగుకి గదంతా కలిసింది. మెయిన్ తీసిన ఆ లాండ్రీలో ఒకే ఒక్క యంత్రం నడుస్తోంది. పన్నెండు మంది గొంతులు, రెండు చేతులు.

పదోసారో పదకొండోసారో "మూడు" అన్నప్పుడు అక్కయ్య మణికట్టుకి ఏదో తగిలింది. చూస్తే తమ్ముడి చెయ్యి. బలం లేని చెయ్యి, ఈగని తోలినట్టు ఆమెను తోస్తోంది. అతను దగ్గాడు. ఛాతీ దానంతటదే లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

లెక్క నోళ్ళలోనే ఆగిపోయింది. తర్వాత లేచిన కేకకి కప్పు మీద వాలిన పావురాలన్నీ ఎగిరిపోయాయి.

"కేకలు తర్వాత" అంది అక్కయ్య. "పక్కకి తిప్పండి. ప్యాడ్లు పీకకండి."

అంబులెన్సు వాళ్ళు వచ్చేసరికి ఈలయ్య కళ్ళు తెరిచి, కప్పు కేసి చూస్తూ, తన చొక్కా ఎవరు చింపారని అడుగుతున్నాడు. వాళ్ళలో పెద్దాయన పెట్టె తెర మీద అంకెలూ, ఫోన్ వచ్చిన సమయమూ పోల్చి చూసి తల పంకించాడు. "పడిన నాలుగో నిమిషంలో షాక్ పడింది. నొక్కడం ఎక్కడా ఆపలేదు. ఎవరు చేశారిది? మీలో నర్సు ఎవరు?"

"నర్సు లేదు" అన్నాడు మామయ్య. "మడత బల్ల అక్కయ్య."

వాళ్ళతో పాటు అక్కయ్య కూడా అంబులెన్సు ఎక్కబోయి, గుమ్మంలో వెనక్కి తిరిగింది. "మామయ్యా, ఇక మెయిన్ వెయ్యి. దుప్పట్లు నానిపోతున్నాయి."

ఆస్పత్రి వసారాలో మరదలు పరుగున ఎదురొచ్చింది. "పంపాను" అంది అక్కయ్య. "చొక్కా ఒక్కటే పోయింది." అప్పుడు ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. ఆ ఏడుపు లోంచే నవ్వారు.

ఏడు వారాల తర్వాత ఈలయ్య లాండ్రీకి వచ్చాడు, ఊరికే చూసి పోవడానికి. ఎడమ మెడ ఎముక కింద చర్మం లోపల అగ్గిపెట్టెంత పరికరం పెట్టారు. లయ తప్పితే అదే కనిపెట్టి అదే షాక్ కొడుతుందట. "గోడ మీది పెట్టె అక్కది. లోపలి పెట్టె నాది. ఇక మా ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని లేదు" అన్నాడు. అక్కయ్య చెవి మెలేసింది. "ఆ చెవి కాదే, ఎడం పక్క పెట్టె ఉంది!" అని అరిచాడు.

అదే రోజు నర్సమ్మ మళ్ళీ వచ్చింది, కొత్తవాళ్ళకి నేర్పడానికి. పాఠం సగంలో ఒకడు అడిగాడు: "ఆగిన గుండెని కరెంటు నడిపిస్తుందాండీ?" నర్సమ్మ నోరు తెరిచింది, మళ్ళీ మూసి, అక్కయ్య కేసి చూసింది.

అక్కయ్య అందరినీ తడి గదిలోకి తీసుకుపోయింది. ఎర్ర మీట మీద వేలు పెట్టి నిలబడింది. చెప్పబోతూ గోడ కేసి చూస్తే, నిచ్చెన మీద కరెంటు మామయ్య ఉన్నాడు. చేతిలో ఎర్ర రంగు డబ్బా. పాత రాత కింద కొత్త వాక్యం రాస్తున్నాడు. అక్కయ్య ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని పైకి చదివింది:

"మెయిన్ తీశాక నిలబడి చూడొద్దు. ఊపిరి చూడు. నొక్కు. పెట్టె తే."

"తప్పులేమన్నా ఉన్నాయా అమ్మాయ్?" అన్నాడు మామయ్య కిందికి వంగి.

"ఒకటుంది. 'షాక్ వద్దన్నా ఊపిరి లేకపోతే నొక్కడం ఆపకు' అని కూడా రాయి."

"గోడ చాలదే!"

"పక్క గోడ కూడా మనదే, రాయి మామయ్యా" అని, అక్కయ్య ఎర్ర మీట నొక్కింది. డ్రమ్ము ఆగింది. ఆ నిశ్శబ్దంలో, గుమ్మం దగ్గర, తప్పు రాగంలో ఒక ఈల మొదలైంది.